ఫొటో పక్కన కథ రాయడం ఎందుకు? ఊళ్లు తిరిగి ఫొటోలు తీసినవారిని అడుగుతున్నాను

భద్రకాళి చెరువుగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మూడేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను గానీ నా కెమెరా ఇంతవరకు ఖిలా వరంగల్ తోరణాలు, వేయిస్తంభాల గుడి, రామప్ప, పాకాల చెరువు దాటి పోలేదు. కిందటి నెల మా కళాశాలలో జరిగిన చిన్న ప్రదర్శనలో కొత్తవాడ దర్రీ నేతగాళ్ల మీద తీసిన పన్నెండు ఫొటోలు పెట్టాను. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మా తరగతిలో అందరూ చెబుతారు, వాటిని నేసే చేతులు ఎవరివో మాత్రం ఒక్కరికీ తెలియదు. అందుకే ఒక్కొక్క ఫొటో కింద నూటయాభై మాటల దాకా కథనం రాసి అతికించాను.

చూడటానికి వచ్చిన ఒక పెద్దాయన మూడో ఫొటో దగ్గర ఆగి, "ఫొటోలో సత్తా ఉంటే ఇంత రాత ఎందుకు తమ్మీ? రాయాలనుంటే పుస్తకమే అచ్చు వేసుకో" అని వెళ్లిపోయారు. అదే సాయంత్రం ఒకావిడ ఒక వృద్ధ నేతగాడి ఫొటో ముందు నిలబడి, కింద రాసింది చదివి, తల ఎత్తి మళ్లీ ఫొటో చూసి, "ఈయన కుడి భుజం అట్లా ఎందుకు కుంగిందో ఇప్పుడు తెలిసింది" అన్నారు. పేక దారాన్ని బిగించడానికి నలభై ఏళ్లు కొట్టి కొట్టి ఆ భుజం ఒరిగిపోయిందని నేను అక్కడ రాశాను.

ఈ ఇద్దరి మాటలూ ఇంకా నా చెవుల్లోనే ఉన్నాయి. మీలో దూరదేశాలు తిరిగి, తీసిన ఫొటోకు తోడుగా కథ కూడా రాసేవారు ఉంటే, ఎందుకు రాస్తున్నారో చెప్పగలరా? ఫొటోలో పట్టలేకపోయినదాన్ని మాటలతో పూడ్చుకోవడమేనా, లేక వేరే కారణం ఉందా?

రాత్రి డెస్కు

నేను ఊళ్లు తిరిగినవాడిని కాను. తిరిగినవారు పంపిన ఫొటోలకు వరంగల్‌లో ఒక దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్లు రైటప్పులు దిద్దినవాడిని. పేరు, ఊరు, మండలం, తేదీ లేకుండా వచ్చిన ఫొటో ఎంత బాగున్నా మరుసటి ఏడాదికి అనాథ అవుతుంది. దిగాలుగా గట్టు మీద కూర్చున్న రైతు ఫొటో ఒకటి మా దగ్గర ఉండేది. దాన్ని ఒకసారి వర్షాభావానికి వాడాం, ఒకసారి గిట్టుబాటు ధరకు వాడాం, మరోసారి నకిలీ విత్తనాలకు వాడాం. ఆ రోజు ఆ మనిషి నిజంగా ఎందుకు అట్లా కూర్చున్నాడో మాలో ఎవరికీ తెలియదు; బహుశా బస్సు కోసం ఎదురుచూస్తున్నాడేమో.

ఇది మన డెస్కుల దోషం మాత్రమే కాదు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ కోతకు వచ్చి పని దొరకక చిక్కుకుపోయిన కూలీల డేరాల మధ్య, డొరొతియా లాంగ్ ఒక తల్లిని పిల్లలతో సహా ఫొటో తీశారు. ప్రపంచంలో అతి ఎక్కువగా అచ్చయిన ఫొటోల్లో అది ఒకటి. లాంగ్ ఆ తల్లి పేరు అడగలేదు. ఆ కుటుంబం కారు టైర్లు అమ్మి తిండి కొనుక్కుందని లాంగ్ చెప్పారు; కుటుంబంవారు తరువాత ఆ మాటను ఖండించారు. ఫొటో పత్రికలో వచ్చాక ఆ డేరాలకు ప్రభుత్వం ఆహారం పంపింది, అప్పటికే ఆ తల్లి పిల్లలను తీసుకుని వెళ్లిపోయింది. ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, ఆమె చెరోకీ తెగకు చెందినదని లోకానికి తెలిసింది 1978లో. తన ముఖం అంతమంది చూశారు గానీ దానివల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడ్డారు. ఎదుటనున్న మనిషిని నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలకు నలభై రెండేళ్లు పట్టింది.

దారిఖర్చు

చెరువుగట్టు గారూ, మాది పరకాల. ఇరవై రెండేళ్లుగా కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను. లద్దాఖ్ నుంచి రామేశ్వరం దాకా మన దేశమూ, బయట నేపాల్, శ్రీలంక, వియత్నాం, ఇథియోపియా చూశాను. మొదటి పదేళ్లు ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు మొదలుపెట్టానో చెప్పుకోవడానికి ఇప్పటికీ కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

మేడారం జాతరలో తులాభారం దగ్గర ఒక ఫొటో తీశాను. తక్కెడలో ఒక వైపు మూడేళ్ల పిల్లవాడు, మరో వైపు బెల్లం దిమ్మెలు; తల్లి నవ్వుతూ గొలుసు పట్టుకుని ఉంది. సమ్మక్క సారలమ్మలకు సమర్పించే బెల్లాన్ని బంగారమంటారని, మనిషి బరువుకు సరితూగేటట్టు ఇచ్చేది నిలువెత్తు బంగారమని మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు; చెప్పనక్కరలేదనుకునే నేను ఏ మాటా లేకుండా ఆ ఫొటోను అంతర్జాలంలో పెట్టాను. నాలుగైదు నెలల తరువాత ఉత్తరాదిలో ఒక లాడ్జి గుమస్తా తన ఫోనులో అదే ఫొటోను నాకే చూపించాడు. కింద హిందీలో, కరువు ప్రాంతంలో బిడ్డను బెల్లానికి తూచి అమ్ముతున్నారని రాసి ఉంది. తల్లి నవ్వును కూడా వదలలేదు. అది మనసు చచ్చిన నవ్వట. ఆ ఫొటో నేనే తీశానని, అది మొక్కు అని ఎంత చెప్పినా అతను నమ్మలేదు, ఎందుకంటే అతని దగ్గర రాత ఉంది, నా దగ్గర నోటిమాట తప్ప ఏమీ లేదు. నేను వదిలిన ఖాళీలో ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. నేను రాయడానికి మొదటి కారణం ఇదే, మిగిలినవన్నీ తరువాత దొరికినవి.

ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం కూడా చెప్పాలి. ఫొటో ఫైలులోనే వివరణ రాసి దాచుకునే అర ఒకటి ఉంటుంది, నేను దాన్ని తప్పక నింపుతాను. అయితే వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరణ ఊడిపోతుంది. అందుకే ఊరి పేరు, సందర్భం ఒక్క వరుసగా ఫొటో కింది అంచులోనే అచ్చు పడేటట్టు చేస్తున్నాను. చూడటానికి అంత అందంగా ఉండదు. దాన్ని కత్తిరించేవారు కత్తిరిస్తారు, కానీ కత్తిరించడానికి కొంచెమైనా కష్టపడాలి కదా.

రెండో కారణం కాలం. మేఘాలయలో ఖాసీల చెట్టువేళ్ల వంతెనలు మీరు చూసే ఉంటారు, ఫొటోల్లోనైనా. నోంగ్రియాట్‌లో ఒకదాని మీద ఒకటిగా ఉన్న రెండంతస్తుల వంతెన కోసం నేను మూడువేలకు పైగా మెట్లు దిగి, సెకనులో అరవయ్యో వంతు సేపు షట్టర్ తెరిచి ఫొటో తీసుకుని, మోకాళ్లు పట్టుకుని మళ్లీ ఎక్కాను. అక్కడివారు వాగు ఒడ్డున రబ్బరు మర్రి నాటి, దాని ఊడలను అవతలి గట్టుకు మళ్లించి, కొన్నిచోట్ల పోకమానును దోనెలాగా తొలిచి అందులోంచి వేరు సాగేటట్టు చేస్తారు. మనిషి బరువు మోయడానికి ఆ వేళ్లకు పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. నాటినవారే దాని మీద నడుస్తారన్న భరోసా లేదు. నా ఫొటోలో ఉన్నది చిత్రమైన ఆకారంలో ఉన్న వంతెన మాత్రమే. తాత నాటితే మనవడు దాటాడన్న సంగతి ఏ లెన్సుతో తీయాలి?

మూడోది కొంచెం చేదుగా ఉంటుంది. కచ్‌లోని చిన్న రణ్‌లో వానల నీళ్లు తీశాక అగరియాలు పిల్లాపాపలతో ఎడారిలోకి వెళ్లి, భూమిలోంచి ఉప్పునీరు తోడి మడుల్లో పారించి, వేసవి దాకా అక్కడే ఉండి ఉప్పు పండిస్తారు. సాయంకాలం ఆ మడుల మీద ఆకాశం పడి మెరుస్తుంటే, చేతిలో పనిముట్టుతో నడుస్తున్న మనిషి నీడ అద్భుతంగా వస్తుంది. నేనూ తీశాను, స్వర్గంలా ఉందన్నారు చూసినవారు. ఆ స్వర్గంలో నడిచే మనిషి అరికాళ్లు ఉప్పుకు పగిలి ఉంటాయి. పంట మొదలుకాకముందే వ్యాపారి దగ్గర తీసుకున్న అప్పు ఆ నీడ వెనకాలే నడుస్తుంటుంది. ఫొటో ఎంత అందంగా వస్తే ఆ సంగతి అంత దాగిపోతుంది. అందం తగ్గించి తీయడం నాకు చేతకాదు, చేయాలని కూడా లేదు. కాబట్టి అప్పు సంగతి పక్కన రాస్తాను.

కెమెరా వెళ్లకూడని చోట్లు కూడా ఉంటాయి. సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి గద్దెకు తెచ్చే ముందు పూజారులు గుట్ట మీద చేసే పూజ ఎవరికీ కనబడకూడనిది. అక్కడ కెమెరా సంచిలో పెట్టేశానని, కింద లక్షలమంది ఎదురుచూపుల్లో నేనూ ఒకడినై నిలబడ్డానని రాయగలను. తీయని ఫొటోకు ఉన్న చోటు ఆ వాక్యం ఒక్కటే.

మన ఉత్తర తెలంగాణలోనే మరొక ఉదాహరణ ఉంది. కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తరువాత గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం నియమించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో ఉండి వేలకొద్దీ ఫొటోలు తీశాడు, వాటితోపాటు దినచర్యలు కూడా రాసుకున్నాడు. ఆ రాతలు లేకపోతే అవి మనకు తలపాగాలు, డోళ్లు, మంటలుగా మాత్రమే మిగిలేవి. అంతకు ముందు తరంలో ఆరో నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ తీసిన దర్బారు ఫొటోలను ఒకసారి దీనితో పోల్చి చూడండి: కుర్చీలో కూర్చున్నవారి పేర్లు దొరుకుతాయి, వెనక నిలబడ్డవారి పేర్లు దొరకడం అరుదు. పేరు రాసిపెట్టాలని ఎవరి విషయంలో అనిపించింది, ఎవరి విషయంలో అనిపించలేదు అన్నది ఫొటో తీసినవాడి బుద్ధిని కూడా చెబుతుంది.

చీకటిగది

పై ఇద్దరూ మంచి మాటలే చెప్పారు గానీ నేను ఆ పెద్దాయన పక్షం. ముప్పై ఏళ్లు పోచమ్మ మైదాన్ దగ్గర స్టూడియో నడిపాను. రీలు కడిగి, ఎర్ర దీపం వెలుగులో కాగితం మీద ముఖం నెమ్మదిగా తేలుతుంటే చూసినవాడికి, పక్కన ఇంకో కాగితం కావాలని అనిపించదు. రాత ఉంటే జనం ముందు రాత చదువుతారు, తరువాత ఫొటోలో దానికి సాక్ష్యం వెతుకుతారు. చెరువుగట్టు గారి ప్రదర్శనలో ఆ అమ్మగారు చేసింది అదే: భుజాన్ని చూడలేదు, చదివిన మాటను భుజంలో చూశారు. కదిలిపోయిన ఫొటోను, కూర్పు లేని ఫొటోను కథతో నిలబెట్టడం ఈ మధ్య మరీ ఎక్కువైంది.

1984 డిసెంబరులో భోపాల్‌లో మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్ తీశారు, పాబ్లో బార్తొలొమ్యూ తీశారు. ఆ బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు ఇప్పటికీ ఎవరికీ తెలియవు. ఏ కథ తోడుందని ఆ ఫొటో నలభై ఏళ్లుగా మనల్ని పట్టుకుంది?

ఇంకొక సంగతి. హైదరాబాద్‌లో జరిగే ప్రదర్శనలకు వెళితే, బీడీలు చుట్టే నిజామాబాద్ అమ్మ ఫొటో పక్కన ఆమె జీవితమంతా ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆమెనే తెచ్చి అక్కడ నిలబెడితే, తన గురించి ఏమి రాశారో ఆమెకు ఒక్క అక్షరం అర్థం కాదు. ఆ రాత ఎవరి కోసం?

పటం చుట్ట

మా అమ్మమ్మగారి ఊరు చేర్యాల. ఈ చర్చలో నకాశీ పటాల మాట ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని నేపథ్యం మీద బొమ్మలు వేసిన ఆ పటాలు నలభై, యాభై అడుగుల పొడవుండేవి. వాటిని గోడకు వేలాడదీసేవారు కారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు పటాన్ని వాడలో నిలబెట్టి, ఒక్కొక్క అడ్డవరుసనూ విప్పుతూ, పుల్లతో చూపుతూ రాత్రంతా కథ నడిపేవారు. బొమ్మ వేసేవాడు ఒకడు, చెప్పేవాడు ఒకడు, వినేవారి కులపు కథ అది. వీరిలో ఎవరూ బొమ్మ బలహీనంగా ఉంది కాబట్టి కథ చెప్పాలని అనుకోలేదు.

చెప్పేవాడు బొమ్మలో కనబడేదాన్ని వర్ణించడు, ఇది గమనించవలసిన సంగతి. గుర్రం ఉంటే గుర్రం ఉందని అనడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో, దాని మీద ఉన్నవాడు నిన్న ఏమి మాట ఇచ్చి ఈ రోజు తప్పాడో చెబుతాడు. చీకటిగది గారికి కోపం తెప్పించే రాతలు చాలావరకు గుర్రం ఉందని చెప్పే రాతలే అయి ఉంటాయి.

ఇప్పుడు పటాలను చిన్న చిన్న ముక్కలుగా చట్రం కట్టి అమ్ముతున్నారు. కళాకారుల ఇల్లు గడవాలి కాబట్టి నేను తప్పుపట్టను. కానీ కొన్నవారిని అందులో ఉన్నది ఎవరని అడిగితే, తెలంగాణ పల్లె జీవితమని అంటారు. కథ నుంచి విడదీసిన బొమ్మకు పట్టే గతి అది; సోఫా రంగుకు సరిపోతే చాలు.

దారిఖర్చు

చీకటిగది గారూ, ఇంగ్లీషు విషయంలో మీ మాట నన్ను సూటిగా తగిలింది, తగలవలసిందే. పదేళ్ల కిందట నేనూ ఇంగ్లీషులోనే రాసేవాడిని. ఇప్పుడు తెలుగువారి గురించి తెలుగులోనే రాసి, అచ్చు వేయడానికి ముందు వారికి చదివి వినిపిస్తున్నాను. దూరప్రాంతాల్లో అయితే దుబాసీని పెట్టుకుంటున్నాను. దానికి తిరుగు ప్రయాణం అవసరం, ఖర్చు అవుతుంది, నా పేరు పెట్టుకున్నది ఊరికే కాదు.

భోపాల్ ఫొటో గురించి మాత్రం ఒప్పుకోలేను. ఆ ఫొటోకు ఎప్పుడూ ఒక మాట తోడుంది, భోపాల్ అన్న మాట. ఆ ఊరి పేరు, ఆ తేదీ తీసివేసి ఇప్పుడు పుట్టిన పిల్లలకు చూపించండి. వారు ఏడుస్తారేమో గానీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో వారికి తెలియదు.

రామప్పనే తీసుకుందాం. మదనికల భంగిమలకు మించిన బొమ్మ ఎవరు చెక్కగలరు? అయినా కట్టించినవారు బొమ్మలను చూసి ఊరుకోకుండా ఆవరణలో శాసనం నిలబెట్టారు. కాబట్టే 1213 అని, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు అని మనం చెప్పగలుగుతున్నాం. శిల్పి రామప్ప పేరు మాత్రం జనం నోట నిలిచింది. నేను రామప్ప గురించి రాసినప్పుడు శాసనం చెప్పినదాన్ని శాసనమని, జనం చెప్పేదాన్ని జనమని వేరువేరుగా రాస్తాను. శిఖరంలోని ఇటుక నీటిలో తేలేంత తేలిక అని, పునాది కింద ఇసుక పోశారని ఫొటో ఎట్లాగూ చెప్పదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అందరూ మాట్లాడుకున్నది కంటికి కనబడని ఆ రెండింటి గురించే.

చెరువుగట్టు గారికి నా పద్ధతి కూడా చెప్పి ముగిస్తాను. ఫొటో తీసిన రాత్రే నోటుపుస్తకంలో రాస్తాను, ఎందుకంటే వారం గడిస్తే ఫొటోయే జ్ఞాపకమై కూర్చుంటుంది, దాని చుట్టూ ఉన్నది జారిపోతుంది. షట్టర్ నొక్కడానికి ముందు ఏమి జరిగింది, తరువాత ఏమి జరిగింది, ఆ మనిషి ఏ మాట ఏ యాసలో అన్నాడు, ఏ వాసన వచ్చింది, కూలి ఎంత, ఇవి రాస్తాను. కనబడేది రాయను. నూటయాభై మాటలు ఎక్కువేమీ కాదు, అయితే గోడ మీద ఫొటో కింద కాకుండా కొంచెం పక్కకు జరిపి పెట్టండి. ముందు చూసి, తరువాత చదవాలనుకున్నవారికి ఆ రెండు అడుగుల దూరం ఉపయోగపడుతుంది.

భద్రకాళి చెరువుగట్టు

అందరికీ కృతజ్ఞతలు. దారిఖర్చు గారు చెప్పినట్టు నిన్న ఆదివారం కొత్తవాడ వెళ్లి, నేను రాసినవన్నీ ఆ నేతగాళ్లకు చదివి వినిపించాను. వృద్ధ నేతగాడు కళ్లు మూసుకుని అంతా విన్నారు. భుజం దగ్గరికి రాగానే నవ్వి, "మగ్గంతోని కాదు బిడ్డా, పన్నెండేండ్లప్పుడు చింతచెట్టు మీదికెల్లి పడ్డ" అన్నారు. నేను ఆ సంగతి ఆయనను అడగనే లేదు. మగ్గం ముందు కూర్చున్న మనిషి భుజం ఒరిగి ఉంటే మగ్గమే కారణమని నాకు నేనే అనుకుని రాసేశాను. ప్రదర్శనలో ఆ అమ్మగారు కదిలిపోయింది నా ఊహను చూసి. చీకటిగది గారు చెప్పింది మరో రకంగా నిజమైంది.

అయితే ఆ వృద్ధ నేతగాడు ఇంకొక మాట కూడా అన్నారు. ఆ భుజం వంకరగా ఉండటం వల్లే, పలుగూ పారా పట్టే కూలికి పంపకుండా వాళ్ల నాయన తనను మగ్గం మీద కూర్చోబెట్టాడట. అన్నదమ్ములు ఇద్దరు బొగ్గుబాయికి పోయారట. వచ్చే నెల ఇవే ఫొటోలు ఇంకొక చోట ప్రదర్శనకు పెట్టమని నన్ను కొందరు అడిగారు. పాత కాగితం తీసివేసి కొత్తది పెట్టాలా, లేక నా తప్పును కూడా కనబడనివ్వాలా అని ఆలోచిస్తున్నాను.

రాత్రి డెస్కు

రెండూ పెట్టండి. పాతదాని మీద అడ్డగీత కొట్టి, కింద ఆయన అన్న మాటను ఆయన యాసలోనే, తేదీ వేసి రాయండి. ఆయన పేరు మీ ప్రశ్నలో ఎక్కడా లేదు; ఇక్కడ అక్కరలేదు గానీ, ఆ గోడ మీద వేయడానికి ఆయనకు ఇష్టమేనా అని అడిగారా?